ఏటి గురి, బ్రదుకు గురి



డిసెంబరు 31 రాత్రి మా పల్లె గుడిలో ఆరాధన ముగియు వేళకు ఒక పళ్లెము తిరుగును. మీ సంఘములలో కూడ అట్లే జరుగుచుండును. ఆదివారపు బడి పిల్లలు అట్టముక్కలమీద వాక్యములు వ్రాసి ఆ పళ్లెములో బోర్లించి పెట్టుదురు. పన్నెండు గంటలు కొట్టగానే పెద్దలు, పిల్లలు, చంటిబిడ్డల నెత్తుకొన్న తల్లులు వరుసగా వచ్చి ఒక్కొక్క చీటి తీసికొందురు. అది ఆ యేటికి వారి వాగ్దానము. చదువు రానివారు ప్రక్కవారిచేత చదివించుకొని, ఆ చీటిని కన్నుల కద్దుకొని, కొంగున ముడివేసికొని యింటికి పోవుదురు.

ఈ ఆచారము మంచిదే. నేను దానిని తప్పుపట్టుట లేదు. అయితే కొన్ని యేండ్లుగా ఆ పళ్లెము నా చేతికి వచ్చినప్పుడెల్ల ఒక ప్రశ్న నా మనస్సులో మెదలుచున్నది. మనము దేవునియొద్దనుండి ఒక మాట తీసికొనుచున్నాము సరే. ఆయనకు మనమిచ్చు మాట యేది? ఈ యేడు మనకేమి దొరకునో అని ఆశతో చీటి త్రిప్పి చూచుచున్నాము. ఇకమీదట దేనికొరకు బ్రదుకుదుము అని మన చీటి మనము వ్రాసి ఎన్నడైనను ఆ పళ్లెములో వేసితిమా?

ఈ మాట అనగానే మనలో భక్తిగల కొందరు వెంటనే యాకోబు పత్రిక నాలుగవ అధ్యాయము చూపింతురు. రేపేమి సంభవించునో తెలియనివారము, కొంతసేపు కనబడి మాయమగు ఆవిరివంటివారము, మనకు పదేండ్ల ఆలోచన యెందుకు? దూరపు గురి పెట్టుకొనుట అవిశ్వాసము కాదా? ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. నేనును చాలకాలము దీనిని మ్రింగలేక, కక్కలేక యుంటిని.

అయితే ఆ భాగమును నెమ్మదిగా చదివి చూడుడి. అక్కడ వర్తకులను అపొస్తలుడు మందలించుచున్నాడు. ఫలాని పట్టణమునకు పోయి, ఒక యేడు వ్యాపారము చేసి, లాభము సంపాదింతుమని వారు నిశ్చయముగా చెప్పుకొనుచున్నారు. వారు ఆలోచన చేసినందుకు గద్దింపబడలేదు. రేపటి దినము తమ సంచిలో ఉన్నట్లు అతిశయపడినందుకు గద్దింపబడిరి. ప్రభువు చిత్తమైతే అది చేయుదుము, ఇది చేయుదుము అని చెప్పుకొమ్మని ఆయన నేర్పించెను. చేయుదుము అను మాటను ఆయన కొట్టివేయలేదు; దానికి ముందు ఒక మాట చేర్చెను. గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి తగులుబడి లెక్క చూచుకొనడా అని ప్రభువే అడిగెను గదా (లూకా 14). కాబట్టి గురి పెట్టుకొనవచ్చునా అనునది మన ప్రశ్న కాదు. ఎట్టి గురి మనుష్యుని బ్రదుకునకు తగినది అనునదే ప్రశ్న.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పవలసియున్నది. చెప్పుటకు నాకు సంతోషము లేదు.

మిషనువారి సెమినరీలో చదువు ముగించి, ఈ పల్లెకు వచ్చిన మొదటి జనవరిలో నేనొక నోటుపుస్తకములో నా గురులు వ్రాసికొంటిని. అప్పటికి నాకు ముప్పది యేండ్లు నిండలేదు. మొన్న ట్రంకుపెట్టె దులుపుచుండగా ఆ పుస్తకము దొరికినది. అందులో అయిదు మాటలున్నవి. గుడికి ప్రహరీగోడ. గుడి ముందర గోపురము, దానిలో గంట. సభ్యుల సంఖ్య రెండింతలు. నాకు పై చదువు. సొంత యిల్లు. ఈ అయిదింటిలో మూడు నెరవేరినవి. గోపురము నేడును నిలిచియున్నది. దారిన పోవువారు తలయెత్తి చూచెదరు.

ఆ గోపురము కట్టుచున్న కాలములో మా సంఘమందు ఒక ముసలి విధవరాలుండెను. ఒక జనవరి మొదటి ఆదివారమున ఆమె నా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, నాకు నాలుగు అక్షరాలు నేర్పించండి. చచ్చేలోగా ప్రభువు మాట నా కళ్లతో నేను చదువుకోవాల" అని అడిగెను. "తప్పకుండా అవ్వా. గోపురం పని అయిపోనీ" అంటిని. మరుసటి జనవరిలో మరల అడిగెను. అప్పటికి ఇటుక చాలక పని ఆగియున్నది. నేను చందాలకొరకు ఊరూరు తిరుగుచుంటిని. అదే జవాబు చెప్పితిని. మూడవ జనవరిలో ఆమె అడుగలేదు. గుడి మెట్లమీద కూర్చుండి నన్ను చూచి నవ్వి ఊరకుండెను. ఆ యేటి వానకాలములో ఆమె ప్రభువునందు నిద్రించెను. మా క్రొత్త గంట మొదట మ్రోగిన భూస్థాపన ఆమెదే.

కార్యక్రమమైన తరువాత ఆమె మనుమడు ఒక చిన్న రేకుడబ్బా తెచ్చి నా చేతికిచ్చెను. దానిలో ఎన్నో యేండ్ల వాగ్దానపు చీట్లు ఒక గుడ్డలో చుట్టి యుండెను. వాటిలో ఒక్కదానినైనను ఆమె తానుగా చదువలేదు.

నా గురి చెడ్డదని నేను చెప్పను. గుడికి గోపురముండుట పాపము కాదు. దానిని దూరపు గురిగా పెట్టుకొంటిని, కష్టపడితిని, సాధించితిని. అయినను ఆ గంట మ్రోగినప్పుడు నేను తల దించుకొంటిని. ఆనాటినుండి నేను నేర్చుకొన్నది ఇదియే: గురి దూరముగా ఉండుట చాలదు, అది నెరవేరుట చాలదు. నెరవేరిన గురి కూడ మనలను తప్పుదారిన నడిపించియుండవచ్చును. ఈ సంగతిని మూడు విధములుగా పరీక్షించి చూతము.

మొదటిది: నా గురిలో ఎవరున్నారు?

లూకా పండ్రెండవ అధ్యాయములోని ధనవంతుడు సోమరి కాడు. అనేక సంవత్సరములకు చాలునట్లు ఆలోచన చేసినవాడు. కొట్లు విప్పి మరింత గొప్పవాటిని కట్టింపవలెనని నిశ్చయించినవాడు. లోకము అట్టివానిని తెలివిగలవాడనును, దేవుడు వెఱ్ఱివాడనెను. ఎందుచేత? ఆయన మాటలను వెదకి చూడుడి. నా పంట, నా కొట్లు, నా ధాన్యము, నా ప్రాణము. అంత పొడవైన ఆలోచనలో రెండవ మనిషి లేడు. పనివాడు లేడు, పొరుగువాడు లేడు, ఆకలిగొన్న బిడ్డ లేదు. ఆ రాత్రి అతడు పోగానే ఆ గురి అతనితోకూడ పోయెను. ఎందుకనగా దానిలో మిగులుటకు మరి యెవరును లేరు.

నా నోటుపుస్తకములోని అయిదు మాటలను ఈ వెలుగులో చదువుకొంటిని. గోడ, గోపురము, సంఖ్య, చదువు, ఇల్లు. ఒక్క మనిషి పేరైనను లేదు. కాపరి గురులలో గొఱ్ఱె లేదు.

రెండవది: నేను చూడకుండ పోయినను ఈ గురి మంచిదేనా?

దావీదు దేవాలయము కట్టగోరెను. నీవు కాదు, నీ కుమారుడు కట్టునని దేవుడు చెప్పెను. అప్పుడు దావీదు అలిగి కూర్చుండలేదు. రాళ్లు చెక్కించెను, ఇనుము కూర్చెను, దేవదారు మ్రానులు తెప్పించెను (1 దినవృత్తాంతములు 22). తాను అడుగుపెట్టని ఆలయమునకు తన ముసలితనమంతయు ధారపోసెను. యిర్మీయా సంగతి మరియు వింతైనది. బబులోను సేన యెరూషలేమును ముట్టడించియుండగా, తాను చెరసాల ప్రాకారములో ఉంచబడియుండగా, అనాతోతులోని పొలమును పదియేడు తులముల వెండికి కొనెను. ఆ క్రయపత్రము బహుకాలము నిలుచునట్లు మంటికుండలో పెట్టించెను (యిర్మీయా 32). తాను దున్నని పొలమది. తన జనులు ఒకనాడు మరల వచ్చి విత్తుదురను నమ్మిక చేత కొనెను.

మా పల్లెకు చేరువనున్న ఒంగోలులో ఇట్టి సంగతి ఒకటి జరిగినది. అదియును సంవత్సరపు మొదటి దినముననే. 1853లో అమెరికాలోని బాప్టిస్టు మిషను పెద్దలు తెలుగువారి మధ్య సాగు పనిని మానివేయుదమా అని తర్కించుకొనిరి. ఎన్నో యేండ్ల కష్టమునకు తగిన ఫలము కానరాకపోయెను. నెల్లూరులో నున్న చిన్న పని తప్ప వారికి తెలుగుదేశములో వేరొక ఠాణా లేదు. అట్టి దినములలో, 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున, లైమన్ జూయెట్ దొరగారును, ఆయన భార్యయు, నర్సు, జూలియా, రూతు అను తెలుగు విశ్వాసులును, మొత్తము అయిదుగురు, ఒంగోలు ప్రక్కనున్న కొండ యెక్కి, ఆ ఊరికొక సేవకుని పంపుమని ప్రార్థించిరి.

ఆ సేవకుడు మరునాడు రాలేదు, మరు యేడు రాలేదు. జాన్ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురము పెట్టినది 1866లో. పండ్రెండేండ్లు గడచెను. ఈ మధ్యకాలములో జూయెట్ దొరగారు స్వదేశము వెళ్లినప్పుడు కూడ పని మాన్పించు మాట మరల లేచెను. ఆయన తాను తిరిగి పోవుదునని పట్టుపట్టెను. తరువాత 1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు వచ్చెను. అప్పుడు క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొంత భాగపు త్రవ్వకము కంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్నవారికి పని కల్పించి కూలి యిచ్చెను. తిండికొరకు మతములోనికి వచ్చిరన్న మాట రాకుండునట్లు కరవు దినములలో బాప్తిస్మములు నిలిపివేసెను. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యేటిలో వెల్లంపల్లియొద్ద 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఈ అంకెను మనము ప్రసంగములలో తరచుగా చెప్పుకొందుము. నాకు మాత్రము ఆ అంకెకంటె ఆ కొండమీది చలియే యెక్కువగా జ్ఞాపకము వచ్చును. ఆ అయిదుగురు కోరినది అంకె కాదు. తమకంటె వేరైన యొక మనిషి వచ్చి ఆ ఊరివారికి పరిచర్య చేయవలెనని కోరిరి. తాము పెద్దవారగుట వారి గురి కాదు. ఒకవేళ 1878 నాటి ఆ దినము రాకయే పోయినను ఆ తెల్లవారుజామున వారు పెట్టుకొన్న గురి మంచిదే. ఫలము చూచి గురిని మెచ్చుకొనుట సులభము. ఫలము కనబడని పండ్రెండేండ్లలో కూడ నిలువదగినదేనా అని చూచుటయే సరియైన తూకము.

మూడవది: ఈ గురికి సోమవారమున పని యున్నదా?

నెహెమ్యా యెరూషలేము ప్రాకారమును ఏబదిరెండు దినములలో ముగింపించెను. ఎట్లు? మూడవ అధ్యాయము చదివినచో అనేకులు తమ తమ యింటి యెదుట నున్న భాగమును బాగుచేసిరని కనబడును. పట్టణమంతటి గురి, ఇంటి ముందరి పని. మనలో అనేకుల గురులు దీనికి మారుగా ఉన్నవి. "ప్రభువుకొరకు గొప్ప కార్యము చేయుదును" అని వాచ్‌నైట్ కూటములో కన్నీళ్లతో చెప్పుదుము. రెండవ తేదీ ఉదయమున ఏమి చేయవలెనో మనకే తెలియదు. సంక్రాంతి ముగ్గులు చెరుగకమునుపే ఆ మాట చెరిగిపోవును.

అవ్వ పోయిన తరువాత వచ్చిన జనవరిలో నేను నోటుపుస్తకము తీసి ఒక్క మాట మాత్రమే వ్రాసితిని: పదేండ్లలోపల మా సంఘములో చదువుకొనగోరిన పెద్దవారెవరును చదువురానివారుగా మిగులకూడదు. దానిక్రింద, వారమునకు మూడు రాత్రులు, భోజనములైన పిమ్మట, గుడి వరండాలో అని వ్రాసితిని. ఇప్పటికి ఆరేండ్లయినది. పదునొకండుగురు చదువుచున్నారు. నలుగురు మధ్యలో మానిరి. మిరపకోతల దినములలో ఎవరును రారు; వచ్చినను కూర్చున్నచోటనే నిద్రపోవుదురు. నాకంటె నా భార్యయే బాగుగా నేర్పునని అందరును చెప్పెదరు, అది నిజమే. ఈ పని చూచుటకు దారిన పోవువారెవరును తలయెత్తరు. అయినను గత డిసెంబరు 31 రాత్రి ఒక తాత తన చీటిని దీపము క్రిందికి తీసికొనిపోయి, వ్రేలు పెట్టి కూడబలుకుకొని చదువుట చూచితిని. నేను ప్రక్కకు తిరిగి కన్నులు తుడుచుకొంటిని. అవ్వకు అచ్చియున్న అప్పు ఇట్లు తీరదు; అది నాకు తెలియును. కొన్ని అప్పులు తీరవు. అవి మనలను సరియైన పనికి త్రిప్పుట మాత్రము చేయగలవు.

ఈ సంగతులే ఒక ఆదివారమున ప్రసంగించితిని. ఆరాధనయైన తరువాత కూలిపని చేసికొను ఒక సహోదరి నిలిచి, "అయ్యగారూ, రేపు మిరపకోతకు పిలుస్తారో లేదో తెలియనిదాన్ని. పదేళ్ల తరవాత సంగతి నాకెందుకండీ?" అనెను. నాకు వెంటనే జవాబు తోచలేదు. గురులు పెట్టుకొనుట కడుపు నిండినవారి వేడుకయా? నేను పీఠముమీదనుండి పేదలకు మరియొక బరువు కట్టితినా? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెల్లవారిన తరువాత నాకు తోచినది. ఈమె తన చెవికమ్మలు కుదువపెట్టి కూతురి హాస్టలు ఫీజు కట్టినది. తాను పదమూడవ యేట పలక పారవేసి పొలము పనికి పోయినది. తన బిడ్డ అట్లు పోకూడదని పట్టుపట్టినది. సంబంధములు వచ్చినను త్రిప్పి పంపినది. ఆ పిల్ల యిప్పుడు నర్సింగు రెండవ యేడు చదువుచున్నది. ఎనిమిదేండ్లుగా ఆ తల్లి ఒక్క గురిని మోయుచున్నది. దానికి గురి అని పేరు పెట్టుట మాత్రము ఆమెకు తెలియదు. దానిలో వేరొకరున్నారు, తాను అనుభవింపనిది కలదు, ప్రతి సోమవారమున పని కలదు. మూడు పరీక్షలలోను ఆమె నెగ్గినది. నా నోటుపుస్తకము మూడింటిలోను ఓడినది. మరుసటి ఆదివారమున నేనీ మాట ఆమెతో చెప్పగా, "అది గురి కాదండీ, తల్లిని గదా" అనెను. అంతకంటె మంచి ప్రసంగము నేను చేయలేదు.

కాబట్టి ప్రియులారా, ఈ జనవరిలో మీకు నేను పెద్ద భారము పెట్టుట లేదు. ఒక్క కాగితము తీసికొనుడి. మొదట, మీ మనస్సు ఇదివరకే మోయుచున్న గురి యేదో కనుగొనుడి. అది మీలో ఉండియు మీరు గుర్తింపకుండవచ్చును. రెండవది, అందులో మీరుగాక మరి యెవరున్నారో వారి పేరు వ్రాయుడి. పేరు దొరకనిచో ఆ గురిని మరల ఆలోచింపుడి. మూడవది, ఈ వారములో దానికొరకు చేయు పని యొకటి వ్రాయుడి. గంట పని చాలును. ఆ మాట మీ యింటిలో ఒకరితోనైనను చెప్పుడి. ఒంటరిగా దాచుకొన్న తీర్మానము త్వరగా చచ్చును. నెలకొకసారి, ప్రభువు బల్లలో పాలుపొందు ఆదివారమున, ఆ కాగితమును విప్పి చూచుకొనుడి.

అది మారవలసి వచ్చినచో భయపడకుడి. పౌలు బితూనియకు పోగోరెను, ఆత్మ పోనియ్యలేదు, మాసిదోనియకు త్రిప్పెను (అపొ. కార్యములు 16). రోమా మీదుగా స్పెయినునకు పోవుదునని వ్రాసెను. రోమాకు చేరినది మాత్రము ఖైదీగా. దారి మారినను ఆయన గురి తప్పలేదు. ఎందుకనగా ఆయన గురి ఒక ఊరు కాదు. జబ్బుచేతనో, అప్పుచేతనో, మరణముచేతనో మీ కాగితములోని మాట ఆగిపోయినచో, దానిని వ్యర్థమనుకొనకుడి. దావీదు కూర్చిన రాళ్లు సొలొమోను కట్టడములో చేరినవి గదా.

మరియు మీ గురికొరకు పరుగెత్తుచున్నప్పుడు గుడి మెట్లమీద ఎవరైనను కూర్చుండి మిమ్మును చూచి ఊరకున్నచో, ఒక్క నిమిషము ఆగుడి. మీరు పరుగెత్తుచున్నది ఆ మనిషికొరకే కావచ్చును.

తొంబదియవ కీర్తనలో మోషే రెండు సంగతులు వేడుకొనెను. తన దినములను లెక్కించు తెలివి నిమ్మని అడిగెను. తన చేతి పనిని స్థిరపరచుమని అడిగెను. మొదటిదానిలో మనము ఆవిరివంటివారమను వినయమున్నది. రెండవదానిలో ఆవిరివంటివారి చేతిపని కూడ నిలుచునను నిరీక్షణయున్నది. ఈ రెండును కలిసిన చోటనే మనుష్యుని గురి పుట్టును.

వచ్చు డిసెంబరు 31 రాత్రి మా గుడిలో రెండు పళ్లెములు తిరుగవలెనని సంఘ పెద్దలు ఒప్పుకొనిరి. ఒకదానిలోనుండి మనము తీసికొందుము. రెండవదానిలో మన చీటి వేయుదుము. వ్రాయుట రానివారు తమ చీటి చెప్పి వ్రాయించుకొనవచ్చును. అయితే అప్పటికి అట్టివారు మా సంఘములో మరి కొందరు తక్కువగా ఉందురని ప్రభువునందు నిరీక్షించుచున్నాను.

ఆయన మీ దినములను దీవించి, మీ చేతి పనిని స్థిరపరచును గాక. ఆమేన్.